కాక్లియర్ ఇంప్లాంట్‌కు డబ్బు ఎలా సమకూర్చుకోవాలి: బెంగళూరు, చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లకు

వినపడని బిడ్డకు డాక్టర్ "కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) వేయాల్సిందే" అన్న మర్నాడే బంగారం తాకట్టుకో పర్సనల్ లోన్‌కో పరిగెత్తే వాళ్లను చాలామందిని చూశాను. బిడ్డ విషయం కదా, ఆగలేరు. కానీ ఒక వారం ఆగి ఈ డబ్బు ఎవరి దగ్గర్నుంచి రావాలో తేల్చుకుంటే, చాలా ఇళ్లలో ఆ లోన్ అక్కర్లేకుండానే పోతుంది, లేదా సగానికి తగ్గుతుంది. మా అక్క కొడుక్కి బెంగళూరులో ఇంప్లాంట్ వేయించినప్పుడు కాగితాల పనంతా నేనే చూశాను, అప్పట్నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. అందరికీ మొదట చెప్పే మాట ఒకటే. హాస్పిటల్‌ని ముందు ఎంచుకోకండి. డబ్బు కట్టేది ఎవరో ముందు తేల్చండి, వాళ్ల లిస్టులో ఉన్న హాస్పిటల్‌ని ఆ తర్వాత ఎంచుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అడ్వాన్స్ కట్టేశాక "ఇక్కడ మీ కార్డు చెల్లదు" అని తెలుస్తుంది.

అసలు ఖర్చు ఎంత

ఒక చెవికి పరికరం, ఆపరేషన్ కలిపి ప్రైవేటులో సుమారు 6 లక్షల నుంచి మొదలై, మోడల్‌ని బట్టి 15 లక్షలు దాటేవి కూడా ఉన్నాయి. ఇందులో పెద్ద వాటా పరికరానిదే. మన దగ్గర ఎక్కువగా వినిపించే కంపెనీలు మూడు: ఆస్ట్రేలియాకు చెందిన కాక్లియర్, ఆస్ట్రియాకు చెందిన మెడ్-ఎల్, ఇంకోటి అడ్వాన్స్‌డ్ బయోనిక్స్. పరికరంలో రెండు భాగాలుంటాయి. లోపల చర్మం కింద, కాక్లియాలోకి, అంటే లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే భాగంలోకి వెళ్లే ఇంప్లాంట్ ఒకటి. బయట చెవి వెనక పెట్టుకునే స్పీచ్ ప్రాసెసర్ ఒకటి. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి, ఇన్సూరెన్స్ గొడవలు సగం ఇక్కడే పుడతాయి.

ఎస్టిమేట్ అడిగేటప్పుడు ఒక్క మొత్తం రాసిన కాగితం తీసుకోవద్దు. పరికరం మోడల్ పేరుతో సహా ఎంత, సర్జన్ ఫీజు ఎంత, ఓటీ, అనస్థీషియా, రూమ్ ఎంత, స్విచ్ ఆన్, మ్యాపింగ్ (మెషిన్‌ను బిడ్డ వినికిడికి తగ్గట్టు సర్దడం) ప్యాకేజీలో ఉన్నాయా లేదా విడిగానా, థెరపీ ఎన్ని సెషన్లు కలిపారు, ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి. ఇలా అడిగితే కొన్ని చోట్ల చిరాకు పడతారు, పడనివ్వండి.

ఆపరేషన్‌కు ముందు ఖర్చులు కూడా తక్కువేం కావు. బెరా, ఓఏఈ, ఏఎస్‌ఎస్‌ఆర్ లాంటి వినికిడి పరీక్షలు, చెవి ఎముక సీటీ స్కాన్, ఎమ్మారై, కొన్ని నెలల హియరింగ్ ఎయిడ్ ట్రయల్, మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు రాకుండా న్యుమోకాకల్ టీకాలు. టీకాలు ఎగ్గొట్టొద్దు, ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు మెనింజైటిస్ రిస్కు మామూలు వాళ్లకంటే ఎక్కువ.

ఆపరేషన్ అయిన మూడు నాలుగు వారాలకు మెషిన్ స్విచ్ ఆన్ చేస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఏడాది రెండేళ్లు ఏవీటీ, అంటే విని మాట్లాడటం నేర్పే ఆడిటరీ వెర్బల్ థెరపీకి, వారం వారం వెళ్లాలి, ఇంట్లో రోజూ చేయించాలి. ఇంప్లాంట్‌కు ఉన్న డబ్బంతా ఊడ్చేసి థెరపీకి చేతిలో ఏమీ లేకుండా చేసుకోవడం ఇంజన్ కొని చక్రాలు కొనకపోవడం లాంటిది. పది లక్షల మోడల్ వేసుకుని థెరపీ మానేసిన పిల్లాడి కంటే మామూలు మోడల్‌తో రెండేళ్లు క్రమంగా థెరపీ చేసిన పిల్లాడు చక్కగా మాట్లాడటం నేను కళ్లారా చూశాను. డబ్బు పరిమితంగా ఉంటే మోడల్‌లో తగ్గండి, థెరపీలో మాత్రం తగ్గకండి.

చిన్న పిల్లలైతే ముందు ప్రభుత్వ పథకాలు

పుట్టుకతో వినపడని పిల్లలకు వయసే అసలు గడువు. మాటలు నేర్చుకునే కాలం మొదటి మూడేళ్లలోనే చాలావరకు గడిచిపోతుంది, పథకాలు కూడా ఐదేళ్లకో ఆరేళ్లకో తలుపు మూసేస్తాయి. "మా మామయ్య కూడా లేటుగా మాట్లాడాడు, వీడూ మాట్లాడతాడులే" అనే మాట విని ఏడాది పోగొట్టుకున్న కుటుంబాలు బోలెడు. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలు, ఇది డాక్టర్లు చెప్పే లెక్క. ఆలస్యమైనవాళ్లు బెంబేలెత్తాల్సిన పనిలేదు, కానీ ఇవాళే మొదలుపెట్టండి.

బెంగళూరు, చెన్నైలో ఉండే మనవాళ్ల చిక్కు ఏమిటంటే, ఉండేది ఒక రాష్ట్రం, రేషన్ కార్డు ఇంకో రాష్ట్రం. మారతహళ్లిలో అద్దెకు ఉంటాం, కార్డు మదనపల్లెలో ఉంటుంది. కాబట్టి మొదటి ప్రశ్న: మీ కార్డు ఎక్కడుంది? ఆధార్‌లో అడ్రస్ ఏ ఊరిది? ఇదే దారిని నిర్ణయిస్తుంది.

కార్డు ఆంధ్రాలో ఉంటే, ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ. పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఇందులో ఉంది. 2019 నవంబర్‌లో ఈ పథకాన్ని బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలోని కొన్ని పెద్దాస్పత్రులకు కూడా విస్తరించారు. అయితే ప్రతి ఆస్పత్రిలో ప్రతి ఆపరేషన్‌కూ అనుమతి ఉండదు. అందుకే "ఆరోగ్యశ్రీ ఉందా" అని అడగొద్దు, "కాక్లియర్ ఇంప్లాంట్‌కు ఈ ఆస్పత్రిలో అనుమతి ఉందా, ఏ వయసు వరకు, ఒక చెవికా రెండు చెవులకా, థెరపీ ఎన్నాళ్లు కలిపారు" అని అడగండి. ఆ పథకం హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి అడిగి, తర్వాత ఆస్పత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గర మళ్లీ అడగండి. ఇద్దరూ ఒకే మాట చెబితేనే నమ్మండి. ఇక్కడ కుదరకపోతే తిరుపతో, కర్నూలో, విజయవాడో వెళ్లి చేయించుకుని థెరపీ మాత్రం బెంగళూరులో కొనసాగించడం సాధ్యమే, చాలామంది అలానే చేస్తున్నారు. ఆపరేషన్‌కు ఆస్పత్రిలో ఉండేది కొద్ది రోజులే. మ్యాపింగ్ మీరు ఉండే ఊళ్లో అదే కంపెనీ సెంటర్‌లో చేస్తారా అని మాత్రం ముందే కనుక్కోండి.

తెలంగాణ కార్డైతే రాజీవ్ ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్‌లో కుటుంబానికి పరిమితి 10 లక్షలకు పెంచారు. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిలో ఈ ఆపరేషన్లు చేస్తారు, గవర్నమెంట్ ఆస్పత్రి అని వెనకాడొద్దు.

చెన్నైలో స్థిరపడి తమిళనాడు స్మార్ట్ రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉంది. ఏడాదికి కుటుంబ ఆదాయం 1,20,000 లోపు ఉండాలి. 2022కి ముందు ఇది 72,000 ఉండేది, అప్పట్లో కాదనిపించుకున్నవాళ్లు మళ్లీ చూసుకోవచ్చు. ఆరేళ్లలోపు పిల్లలకు ఇంప్లాంట్ ఇందులో వస్తుంది. ఆదాయ ధ్రువపత్రం వీఏఓ (గ్రామ పరిపాలనాధికారి) దగ్గర తీసుకుని కలెక్టరేట్‌లో ఉన్న కౌంటర్‌లో నమోదు చేయించుకోవాలి. తెలుగు ఇంటిపేరు చూసి కాదనేది ఏమీ ఉండదు, కార్డు ఉందా లేదా అన్నదే లెక్క.

కర్ణాటక కార్డు ఉంటే ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక, దాన్ని నడిపేది సువర్ణ ఆరోగ్య సురక్షా ట్రస్ట్. బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా, ఏపీఎల్ వాళ్లకు ప్యాకేజీలో 30 శాతం, అదీ ఏడాదికి లక్షన్నర మించకుండా. పిల్లల వినికిడి కోసం ప్రత్యేకంగా శ్రవణ సంజీవిని అనే కార్యక్రమం ఉంది, ఆరేళ్లలోపు పిల్లల కోసం. దీనికి దారి మీ జిల్లా ఆస్పత్రిలోని డీఈఐసీ, అంటే పిల్లల లోపాలను త్వరగా గుర్తించే కేంద్రం. అంగన్‌వాడీకో స్కూలుకో వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) డాక్టర్ల టీమ్ రాసిచ్చినా అక్కడికే పంపుతారు.

ఏ రాష్ట్రం కార్డైనా పనికొచ్చేది, వైకల్యం ఉన్నవాళ్లకు పరికరాల కోసం కేంద్రం ఇచ్చే అడిప్ పథకం. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం ఇంప్లాంట్‌కు 7 లక్షల దాకా ఇస్తారు. నెలకు కుటుంబ ఆదాయం 22,500 లోపుంటే పూర్తిగా, 22,501 నుంచి 30,000 మధ్య ఉంటే సగం. మాటలు రాకముందే వినికిడి పోయిన పిల్లలకు ఐదేళ్ల లోపు, మాటలు వచ్చాక పోయినవాళ్లకు 18 ఏళ్ల దాకా. దీన్ని చూసే నోడల్ సంస్థ ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. క్యూ ఉంటుంది కాబట్టి మిగతా దారులు వెతుకుతూనే ఇందులో కూడా పేరు వేయించండి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు వెళ్తే పరీక్షలు తక్కువ ఖర్చులో అవుతాయి, ఈ పథకాల గురించి కూడా వివరంగా చెబుతారు. బెంగళూరు నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

అన్నింటికీ కావాల్సిన ఒక కాగితం యూడీఐడీ, అంటే వైకల్యం గుర్తింపు కార్డు. స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, మెడికల్ బోర్డుకు పిల్లాణ్ణి తీసుకెళ్లాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులకూ 70 డెసిబెల్స్ నష్టం ఉంటే డెఫ్ కింద, 60 నుంచి 70 మధ్య అయితే హార్డ్ ఆఫ్ హియరింగ్ కింద వస్తారు. "మా పిల్లకి ఆ ముద్ర ఎందుకు" అని వెనకాడేవాళ్లు ఉన్నారు. ఆ బాధ నాకు తెలుసు. కానీ స్కాలర్‌షిప్పులు, పన్ను రాయితీ, రైలు రాయితీ అన్నీ దాని మీదే నడుస్తాయి, పిల్ల పేరుకు దాని వల్ల వచ్చే మచ్చ ఏమీ లేదు. ఇంకో విషయం, నిరామయ అనే ఇన్సూరెన్స్ గురించి ఎవరో చెబుతారు. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకు. ఒక్క వినికిడి లోపం మాత్రమే ఉంటే రాదు, టైమ్ వేస్ట్ చేసుకోకండి.

కంపెనీ పాలసీ ఉన్నవాళ్లు

బెంగళూరులో మనవాళ్లలో ఎక్కువమందికి ఆధారం ఆఫీసు ఇన్సూరెన్సే. ఇక్కడ చేయాల్సిన మొదటి పని, హెచ్‌ఆర్ పంపిన నాలుగు పేజీల పీపీటీ చూసి సంతోషపడటం కాదు. అసలు పాలసీ డాక్యుమెంట్ అడిగి తెప్పించుకోవాలి. అందులో కాక్లియర్ అనే మాట వెతకండి. మూడు రకాలుగా ఉంటుంది: పూర్తిగా కవర్, కవర్ ఉంది కానీ సమ్ ఇన్సూర్డ్ (పాలసీ మొత్తం)లో సగం వరకే అనో, ఇంత మొత్తం వరకే అనో పరిమితి, లేదా ఎక్స్‌క్లూజన్స్ (కవర్ కానివాటి) లిస్టులో. ఆ మాటే లేకపోతే హియరింగ్ ఎయిడ్, ఎక్స్‌టర్నల్ డివైస్, కంజెనిటల్ అనే మాటలు వెతకండి. 5 లక్షల పాలసీలో సగం పరిమితి ఉంటే చేతికొచ్చేది రెండున్నర లక్షలు, బిల్లు 9 లక్షలైతే మిగతా ఆరున్నర మీది. ఈ లెక్క ఎస్టిమేట్ రోజే వేసుకోవాలి, డిశ్చార్జ్ రోజు కాదు.

దొరికినదాని మీద హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి. "నా బిడ్డకు రెండు చెవులకూ సివియర్ టు ప్రొఫౌండ్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్, కాక్లియర్ ఇంప్లాంట్ సలహా ఇచ్చారు, లోపలి భాగం, బయటి ప్రాసెసర్ రెండూ కవర్ అవుతాయా, పరిమితి ఎంత, రెండో చెవికి కూడా వర్తిస్తుందా" అని. ఫోన్‌లో ఎంత తియ్యగా చెప్పినా సరే, జవాబు మెయిల్‌లో రావాల్సిందే. పెద్ద కంపెనీలకు కార్పొరేట్ బఫర్ అని అదనపు మొత్తం ఒకటి ఉంటుంది, ఇలాంటి పెద్ద ఖర్చులకు దాన్ని వాడొచ్చు, కానీ మీరు అడగకపోతే ఎవరూ ఇస్తామని పిలిచి చెప్పరు. హెచ్‌ఆర్‌లో సరైన మనిషి దొరికితే సగం పని అయినట్టే.

పుట్టుకతో వచ్చింది కాబట్టి రాదు అంటారా? ఇది మీరు గట్టిగా నిలబడాల్సిన చోటు. 2019లో ఐఆర్‌డీఏఐ, అంటే బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇంటర్నల్ కంజెనిటల్, అంటే బయటకు కనిపించని లోపలి భాగాల్లో పుట్టుకతో ఉన్న లోపాలను, జన్యు సంబంధ జబ్బులను పాలసీలు మొత్తంగా ఎక్స్‌క్లూడ్ చేయకూడదు. ఎక్స్‌టర్నల్ కంజెనిటల్‌ను మాత్రం చేయొచ్చు. కాక్లియా ఉండేది లోపలి చెవిలో, ఎముక లోపల. కంటికి కనపడదు, చేతికి అందదు. చెవిటితనం బయటి లోపం ఎలా అవుతుంది? ఈ ఒక్క మాట డాక్టర్ లెటర్‌లో ఉండేలా చూసుకోండి.

దీంతోపాటే ఒక చేదు నిజం కూడా చెప్పాలి. బిడ్డకు వినపడదని తేలాక బయట కొత్తగా సొంత పాలసీ కొనుక్కుంటే పని అవుతుందనుకోవద్దు. అదే 2019 మార్గదర్శకాల్లో, అప్పటికే ఉన్న జబ్బుల్లో వేటిని కొనేవాళ్ల సమ్మతితో శాశ్వతంగా తీసేయొచ్చో ఒక జాబితా ఉంది, వినికిడి పోవడం అందులో ఉంది. తీసేయకపోయినా ముందే ఉన్న జబ్బుకు 36 నెలల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. మూడేళ్లు ఆగితే పిల్లాడి వయసు అయిపోతుంది. దాచిపెట్టి కొనమని సలహా ఇచ్చే ఏజెంట్లు ఉంటారు, వాళ్ల మాట అసలు వినకండి. క్లెయిమ్ పోవడమే కాదు, పాలసీయే రద్దవుతుంది. గ్రూప్ పాలసీల్లో మాత్రం చాలావాటికి ముందే ఉన్న జబ్బులు మొదటి రోజు నుంచే కవర్. అందుకే ఆఫీసు పాలసీ అంత విలువైనది.

ఆ విలువ వల్లే, ఆపరేషన్ అయ్యేదాకా ఉద్యోగం మారే ఆలోచన ఉంటే తేదీలు చూసుకోండి. ఆఖరి పనిదినంతో పాత పాలసీ ఆగిపోతుంది. కొత్త కంపెనీ పాలసీలో కాక్లియర్ మీద ఏముందో ఆఫర్ లెటర్ సంతకానికి ముందే అడగండి, ఇబ్బంది పడాల్సింది ఏమీ లేదు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలుంటే రెండు పాలసీల్లోనూ బిడ్డ పేరు ఉండాలి. పుట్టిన నెలలోపు చేర్చకపోతే మళ్లీ రెన్యువల్ దాకా చాలా కంపెనీలు చేర్చవు. మొదటి పాలసీలో క్యాష్‌లెస్ తీసుకుని, మిగిలిన మొత్తానికి రెండోదాంట్లో రీయింబర్స్‌మెంట్ పెట్టొచ్చు. దానికి మొదటి ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటర్, బిల్లుల అటెస్టెడ్ కాపీలు కావాలి.

ప్రీ-ఆథ్ (ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి) కాగితంలో ఏముండాలి

మా అక్క కొడుకు కేసులో మొదటి జవాబు ఇలా వచ్చింది: లోపలి ఇంప్లాంట్‌కు ఒప్పుకున్నారు, ప్రాసెసర్‌ను "ఎక్స్‌టర్నల్ డివైస్, నాట్ పేయబుల్" అని కొట్టేశారు. టీపీఏ (ఇన్సూరెన్స్ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) డెస్క్ అబ్బాయి "అంతే సార్, హియరింగ్ ఎయిడ్ లాంటిదే కదా" అన్నాడు. సర్జన్ గారు అర పేజీ లెటర్ రాసిచ్చారు. బయటి భాగం లేకపోతే లోపలి భాగానికి శబ్దమూ రాదు, కరెంటూ రాదు, విడిగా అది పనిచేయదు. రెండూ కలిపే ఒక ఇంప్లాంట్ సిస్టమ్. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెంచుతుంది, ఇది నేరుగా వినికిడి నరానికి సంకేతం ఇస్తుంది. ఆ లెటర్ జతచేసి మళ్లీ పంపితే ఒప్పుకున్నారు. ఆ లెటర్ మీరు రిజెక్ట్ అయ్యాక కాదు, మొదటి అప్లికేషన్‌తోనే పెట్టండి. దానితోపాటు బెరా రిపోర్టు, హియరింగ్ ఎయిడ్ పెట్టి చూసినా లాభం లేదని ఆడియాలజిస్ట్ రాసిన నోట్, స్కాన్ రిపోర్టులు, పరికరం కొటేషన్ కూడా ఉండాలి.

2024 మే నెలలో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు, డిశ్చార్జ్ ఫైనల్ బిల్లుకు మూడు గంటల్లోపు జవాబివ్వాలి. నిజంలో ప్రశ్నల మీద ప్రశ్నలు వస్తాయి. ముందే తేదీ ఖాయమైన ఆపరేషన్ కాబట్టి వారం ముందే పంపించండి, టెన్షన్ తగ్గుతుంది.

ఆపరేషన్ రోజు మర్చిపోకూడనిది ఒకటుంది. ఇంప్లాంట్ డబ్బా మీద సీరియల్ నంబర్, బార్‌కోడ్ ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఓటీలో ఒకటి కేస్ షీట్‌కి అంటిస్తారు. ఆ స్టిక్కర్ కాపీ, అదే సీరియల్ నంబర్ ఉన్న ఇన్వాయిస్, రెండూ లేకపోతే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ నంబర్ ఉందో లేదో బిల్ కౌంటర్ దగ్గరే నిలబడి చూసుకోండి. ఏ చెవి అనేది కూడా. కుడి అని ఒకచోట, ఎడమ అని ఇంకోచోట పడితే సరిచేయించడానికి వారాలు పడుతుంది.

రూమ్ రెంట్ విషయం. మీ పరిమితి కంటే పెద్ద రూమ్ తీసుకుంటే మిగతా ఖర్చుల్లో కూడా ఆ దామాషాలో కోత పెడతారు. అయితే ఇంప్లాంట్లు, మెడికల్ డివైసులు, మందులు, డయాగ్నస్టిక్ పరీక్షల మీద ఆ కోత పెట్టకూడదని 2020 మార్గదర్శకాల్లోనే ఉంది. ఏడు లక్షల పరికరం మీద కోత వేశారంటే ఎంత నష్టమో చూడండి. సెటిల్‌మెంట్ లెటర్‌లో లైన్ లైన్ చదవండి. అంతకంటే మేలు, పరిమితిలోపు రూమే తీసుకోవడం.

డిశ్చార్జ్ తర్వాత 60 నుంచి 90 రోజుల దాకా పోస్ట్ హాస్పిటలైజేషన్ ఖర్చులు ఇచ్చే పాలసీలు చాలా ఉన్నాయి. స్విచ్ ఆన్, మొదటి రెండు మూడు మ్యాపింగ్‌లు ఆ గడువులోనే పడతాయి కాబట్టి ఆ బిల్లులు, డాక్టర్ రాసిన సలహాతో సహా పెట్టండి. ఆపరేషన్‌కు ముందు 30 రోజుల స్కాన్‌ల బిల్లులు కూడా. థెరపీ మాత్రం ఆ తర్వాత సొంత ఖర్చే అనుకోండి.

కాదంటే

క్లెయిమ్ తిరస్కరిస్తే పాలసీలోని ఏ క్లాజ్ కింద తిరస్కరించారో రాతపూర్వకంగా ఇవ్వాల్సిందే. అది తీసుకుని ముందు ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్, తర్వాత బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255కి గానీ ఫిర్యాదు. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. రూపాయి ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ ఆఖరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. బెంగళూరు ఆఫీసు జేపీ నగర్‌లో, చెన్నైది తేనాంపేటలో. భాష గురించి భయపడొద్దు, ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాయించుకుని జతపరచాల్సినవి వరుసగా పెడితే చాలు. సర్జన్ లెటర్, కంజెనిటల్ నిర్వచనం ఉన్న పాలసీ పేజీ, హెచ్‌ఆర్ మెయిల్, ఈ మూడూ ఉంటే మీ వాదన చాలా బలంగా ఉంటుంది.

పెద్దవాళ్లకు, మధ్యలో మిగిలిపోయినవాళ్లకు

పథకాలన్నీ పిల్లల చుట్టూనే ఉన్నాయి. జ్వరం తర్వాతో, యాక్సిడెంట్ వల్లో వినికిడి పోయిన ముప్పై ఏళ్ల మనిషికి దారులు తక్కువ, ఇది నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది. ఉన్నవి చెబుతాను. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కట్ అవుతుంటే, బెంగళూరులో రాజాజీనగర్, చెన్నైలో కేకే నగర్ ఈఎస్‌ఐ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఈఎన్‌టీ విభాగానికి వెళ్లి అడగండి. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, సెక్యూరిటీలో పనిచేసే మనవాళ్లు చాలామందికి ఈఎస్‌ఐ ఉందనే సంగతే గుర్తుండదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లకు సీజీహెచ్‌ఎస్‌లో ముందస్తు అనుమతితో వీలుంది. తల్లిదండ్రుల్ని ఆఫీసు పాలసీలో చేర్చినవాళ్లు కో-పే, అంటే బిల్లులో మనం కట్టాల్సిన వాటా ఎంతో చూసుకోండి, పెద్దవాళ్లకు పది ఇరవై శాతం మామూలే.

పథకంలోకి రాక, పాలసీ చాలక మధ్యలో మిగిలిపోయినవాళ్లకు ముఖ్యమంత్రి సహాయ నిధి. ఆంధ్రా అయినా తెలంగాణ అయినా సొంత నియోజకవర్గం ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టాలి. ఆపరేషన్ ముందైతే ఎల్‌ఓసీ, అంటే ఆస్పత్రికి నేరుగా ఇచ్చే హామీ పత్రం అడగండి. ఆపరేషన్ అయ్యాక పెట్టుకుంటే వచ్చేది కొంతే, అదీ ఆలస్యంగా. ఎస్టిమేట్ ఒరిజినల్, ఆధార్, రేషన్ కార్డు, రిపోర్టులు పట్టుకుని ఊళ్లో ఉన్న బాబాయో అన్నయ్యో స్వయంగా వెళ్తే ఫోన్‌లో కంటే త్వరగా కదులుతుంది. ఆస్పత్రిలో మెడికల్ సోషల్ వర్కర్ ఉంటారు, వాళ్లను కలవండి, ఏ ట్రస్టు ఎవరికి ఇస్తుందో వాళ్లకే తెలుసు. "పథకంలో పెట్టిస్తా, ఇరవై వేలు ఇవ్వండి" అనేవాడికి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు, ఈ పథకాల్లో దేనికీ అలాంటి ఫీజు లేదు.

తర్వాత ఏళ్లలో వచ్చే ఖర్చు

లోపలి ఇంప్లాంట్‌కు సాధారణంగా పదేళ్ల వారంటీ ఉంటుంది, బయటి ప్రాసెసర్‌కు మూడు నుంచి ఐదేళ్లు. కాయిల్, కేబుల్, బ్యాటరీలు అరిగేవే. ఒక కేబుల్ పోయినా బిడ్డకు ఆ రోజంతా ఏమీ వినపడదు, కాబట్టి స్పేర్ కేబుల్ ఇంట్లో ఉండాలి. ప్రాసెసర్ కొన్నేళ్లకు మార్చాల్సి వస్తుంది, దాని ఖర్చు లక్షల్లోనే. పోయినా, నీళ్లలో పడినా హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వదు. పరికరం కొనేముందే కంపెనీ వాళ్లను అడగండి: పోతే ఒకసారి మార్చి ఇస్తారా, పాత ప్రాసెసర్ తీసుకుని కొత్తదానికి తగ్గింపు ఉందా, ఈ మోడల్ స్పేర్లు ఎన్నేళ్లు దొరుకుతాయి, ఎమ్మారై ఎంత శక్తి దాకా మాగ్నెట్ తీయకుండా చేయొచ్చు. పథకం కింద వేయించుకున్నా ఇవే ప్రశ్నలు అడగాలి. సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉన్న కంపెనీకే నా ఓటు.

ఇప్పట్నుంచే నెలకు కొంత ఆర్‌డీ కట్టండి, ప్రాసెసర్ కోసం అని విడిగా. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80డీడీ అని అందరికీ తెలిసిన మినహాయింపు ఉంది: ఆధారపడినవాళ్లకు 40 శాతం వైకల్యం ఉంటే 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. ఎంత ఖర్చు పెట్టామన్న లెక్కతో పని లేకుండా మొత్తం వస్తుంది, సర్టిఫికెట్ ఉంటే చాలు. ఆ మిగిలిన పన్నును ఆ ఆర్‌డీలోనే వేయండి. ఇంప్లాంట్ ఐడీ కార్డు, వారంటీ కాగితం, స్టిక్కర్ కాపీ, మ్యాపింగ్ రిపోర్టులు ఒక ఫైల్లో పెట్టి, అన్నీ ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ మెయిల్లోనూ ఉంచండి.